పద్మ కాదు, పెంటమ్మ

లాలాగూడ నుంచి తెల్లవారుజామున నడిచి వచ్చే పెంటమ్మ, తార్నాక చౌరస్తా దాటే ముందు రోజూ చెప్పులు విడిచి, రోడ్డు పక్కనున్న పోచమ్మకు దండం పెట్టేది. గుడి అంటే మనిషి వంగి చూడవలసినంత చిన్న గది. ఆమె అడిగేదీ చిన్నదే. "తల్లీ, పొల్లగాండ్లను సల్లంగ జూడు." ఆ పిల్లలు ఆమె కన్నవాళ్లు కారు. యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో ఉండే నాలుగు వందల మంది. పంతొమ్మిదేళ్లుగా ఆ మెస్సులో ఆమె ఇడ్లీలు వేస్తోంది, చపాతీలు కాలుస్తోంది. పరీక్ష ఉందంటూ ఎవరైనా వంటింటి కిటికీ దగ్గరికి వస్తే, కౌంటరు తెరవకముందే రెండు వేడి ఇడ్లీలు చేతికిచ్చేది. "తినిపో బిడ్డా, ఖాళీ కడుపుతోని ఏం రాస్తవ్?" అనేది.

ఆ ఏడు మెస్సు కొత్త కాంట్రాక్టరు చేతికి వెళ్లింది. అతని తరఫున సూపర్‌వైజర్‌గా వచ్చిన శ్రావణ్ అందరికీ తలకు టోపీలు, మెడకు బ్యాడ్జీలు పంచాడు. బ్యాడ్జి లేనివాళ్లు వంటింట్లో అడుగు పెట్టకూడదన్నాడు. పెంటమ్మ చదువుకోలేదు గానీ, రాత్రిబడిలో తన పేరు మటుకు నేర్చుకుంది. తన బ్యాడ్జి మీద ఉన్నది ఆ పేరు కాదు.

"గిదెవ్వలిది సారూ?"

"నీదే అమ్మా. పద్మ."

"పద్మ ఎవ్వతి?"

పొయ్యి దగ్గరున్న వంటమనిషి కొమురెల్లి నవ్వాడు. "గట్లయితే నాకు రాహుల్ అని కొట్టియ్యి సారూ, జర వయసు తగ్గుత."

శ్రావణ్ నవ్వలేదు. "తినేకాడ ఆ పేరు బాగుండదమ్మా. పిల్లలు ప్లేటు పట్టుకొని నీ మెడల చూస్తే చెత్తకుప్ప యాదికొస్తది. జర సమజ్ చేస్కో."

పెంటమ్మ చేతిలోని అట్లకాడ పక్కన పెట్టింది. "పంతొమ్మిదేండ్ల సంది నా చేతి తిండి తింటున్నరు. నా పేరు యాదికొచ్చి ఒక్క పొల్లన్న కక్కిందా? చెప్పు."

"నా మనసుకొచ్చింది పెట్టలేదు నేను. రిజిస్టర్ల నంబరుంటే నీ బిడ్డకే ఫోన్ చేసి అడిగిన. పూర్ణిమక్కనే పద్మ అని పెట్టుమన్నది."

ఆ మాటతో ఆమె ఒళ్లు భగ్గుమంది. బౌద్ధనగర్‌లో కాపురముంటున్న పూర్ణిమ ఆమెకు ఒక్కగానొక్క కూతురు. మూడేళ్ల కింద తన పెళ్లి కార్డులోనూ తల్లి పేరు పద్మ అనే అచ్చు వేయించింది. ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకుని "పద్మగారు స్టేజీ మీదికి రావాలె" అని పిలుస్తుంటే, ఎవరినో అనుకుని పెంటమ్మ కుర్చీలోనే కూర్చుండిపోయింది. పెళ్లిలో లొల్లి ఎందుకని అప్పుడు నోరు మూసుకుంది. ఆ మూసుకున్న నోరే ఇప్పుడు మండుతోంది.

బ్యాడ్జి పీకి ఎంగిలి గిన్నెల తొట్టిలో విసిరేసింది.

"బ్యాడ్జి లేకుంటే బయటికి నడువమ్మా," అన్నాడు శ్రావణ్.

"నడుస్త. నీ పద్మను పిలిపించుకొని కాల్పిచ్చుకో చపాతీలు."

బయట మెట్ల మీద కూర్చుంది. కొమురెల్లి వచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి చపాతీలు లేని కౌంటరు ముందు అమ్మాయిల గోల మొదలైంది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఎం.ఏ. చదువుతున్న రెబెకా, ఖాళీ ప్లేటుతోనే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"ఏమైంది ఆంటీ? ఇక్కడ కూర్చున్నారేంటి?"

"నా పేరు కంపు కొడుతున్నదట బిడ్డా." ఇక ఆగలేదు పెంటమ్మ. "మా అవ్వ లచ్చమ్మకు నా ముందల ముగ్గురు పుట్టి పోయిండ్రు. పేరు వెట్టేదాంక గూడ బతకలే. నేను పుట్టంగనే చాటల పండవెట్టి, పెంటకుప్ప మీద వారేసి, ఎనుకకు చూడకుంట ఇంట్లకొచ్చింది. పచ్చి బాలింత! పక్కింటి సోమమ్మ నన్ను ఎత్తుకొచ్చి, 'లచ్చమ్మా, కుప్ప మీద ఎవ్వలో వారేసిన పిల్ల దొరికింది, సాదుకుంటవా' అని అడిగింది. ఎవ్వలకు అక్కెర లేని పిల్ల అనుకొని సావు గూడ నన్ను ఇడిసిపెట్టాలని. అందుకే ఆ పేరు. నన్ను బతికిచ్చుకునుడు కోసం పెట్టిన పేరును వీడు తీసేస్తడా? నా కడుపున పుట్టింది తీసేస్తదా?"

రెబెకా మెట్టు మీద ఆమె పక్కనే కూర్చుంది. "మా మామ్మ పేరు తవిటమ్మ ఆంటీ. ఆవిడ కంటే ముందు పుట్టిన పిల్లలూ నిలవలేదంట. పుట్టగానే పొరుగావిడ చేతికిచ్చేసి, దోసెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కున్నారంట. బాప్తిస్మంలో ఎస్తేరు అని పెట్టారు. అయినా ప్రార్థనకి మోకరిస్తే, 'నేను తవిటమ్మని వచ్చాను ప్రభువా' అనేది."

పెంటమ్మ మొదటిసారి ఆ పిల్ల మొహంలోకి చూసింది. చల్లారిన టీ తీసుకుని ఒక్క గుక్కలో తాగేసింది.

రెబెకా లోపలికి వెళ్లి ఏం చెప్పిందో గానీ, కాసేపటికి శ్రావణ్ తెల్ల స్టిక్కరు, మార్కరు పట్టుకుని ఆ పిల్ల వెంటే మెట్ల దగ్గరికి వచ్చాడు.

"నాకు తెల్వదమ్మా."

"తెల్వకుంటే అడగాలె. పేరేమో నాది, అడిగిందేమో నా బిడ్డను."

అతను మార్కరు మూత తీశాడు. కొత్త కార్డు రేపు వస్తుందని చెప్పి, స్టిక్కరు మీద పెంటమ్మ అని తనే రాసి ఇచ్చాడు. ఆమె అక్షరం అక్షరం వేలితో తడిమి చూసుకుని జాకెట్టుకు అంటించుకుంది. లోపలికి పోబోయి, రెబెకా వైపు తిరిగింది. కోపం ఇంకా దిగలేదు. గొంతు మాత్రం తగ్గింది.

"బిడ్డా, ఒక్క పని చేసిపెడతవా? సచ్చిపోయినోళ్ల ముచ్చట ఎందుకని పూర్ణిమకు గీ సంగతి నేనెన్నడు చెప్పలే. ఇప్పుడు చెప్పవోతే నా నోట్లకెళ్లి తిట్లే వస్తయి. నువ్వే ఫోన్ చేసి చెప్పు. మా అవ్వ ఎనుకకు చూడకుంట వచ్చిన సంగతి మర్వకుంట చెప్పు."