మిలటరాయన ఇంటికి వచ్చాక

మా ప్రెస్సులో బైండింగు విభాగమంటే ఒక పొడవాటి బల్ల, ఒక కటింగు మిషను, ఒక వదిన. ఆమె ఎవరికి వదినో ఎవరికీ తెలియదు. మొదట్లో ఎవరో అలా పిలిచారు, అది అతుక్కుపోయింది. చివరికి అరవై దాటిన మా యజమాని కూడా, "వదినగారూ, ఆ రెండు వందల కాపీలు సాయంత్రానికి అందాలి" అనేవాడు. నేను అక్కడ ప్రూఫులు దిద్దేవాణ్ణి. నా కుర్చీకి ఎదురుగానే ఆమె బల్ల. పదకొండేళ్ళు అలా ఎదురెదురుగా కూర్చుని పనిచేశాం కాబట్టి, ఈ కథలో నేను చూసింది కొంత, ఆమె చెప్పింది ఎక్కువ.

ఆమె అచ్చయిన ఫారాలు మడుస్తుంటే చూడాలి. కళ్ళు ఎటో ఉండేవి. చేతులు మాత్రం పెద్ద కాగితాన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా మడిచి, చెక్క బద్దతో అంచు మీద ఒక్క గీత లాగి పక్కన పడేసేవి. అట్టలు అంటించే మైదా జిగురుకి పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు. ఆ నీలిరంగు ఆమె గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఉండేది.

ఆమె భర్త సైన్యంలో ఉండేవాడు. ఏడాదికి ఒకసారి, నెలో నలభై రోజులో సెలవు మీద వచ్చేవాడు. వీధిలో అందరూ ఆయన్ని మిలటరాయన అనేవారు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. కలిసి ఉన్న రోజులన్నీ కూడితే రెండేళ్ళకి కాస్త అటూ ఇటూ అని ఆమే ఒకసారి లెక్క చెప్పింది. "నాది కాపురం కాదు మాస్టారూ, పోస్టాఫీసు" అని నవ్వింది. ఆ పద్దెనిమిదేళ్ళలో ఫ్యూజు వేయడం, మోటారు విప్పి బిగించడం, పిల్లకి చెయ్యి విరిగితే అర్ధగంటలో ఆసుపత్రిలో ఉండడం, ఇంటి ఓనరుతో పోట్లాడడం, అన్నీ ఆమె ఒక్కతే నేర్చుకుంది. కూతురు కాలేజీలో చేరిన సంవత్సరమే ఆయన ఇరవై ఏళ్ళ సర్వీసు ముగించుకుని ఇంటికి వచ్చేశాడు.

ఆమె రెండు రోజులు సెలవు పెట్టి మూడో రోజు పనిలోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "ఇక ఆ మోటారు సంగతి ఆయన చూసుకుంటారు. నేను హాయిగా పుస్తకాలు కుట్టుకుంటాను" అంది.

ఆయన అయిదింటికి లేచేవాడట. గడ్డం గీసుకుని, దుప్పటి అంచులు కొలిచినట్టు మడిచి, బూట్లకి పాలిష్ వేసి, ఆరింటికల్లా ముందుగదిలో నిలబడేవాడు. వంటింట్లోంచి ఆమె కనబడగానే, "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగేవాడు. మొదటి రోజు ఆమె వేళాకోళం అనుకుంది. "నా నెత్తిన కూచోండి" అంది. ఆయన నవ్వలేదు. జవాబు కోసం అలాగే నిలబడ్డాడు.

వారం తిరగకుండా వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం వరసలో చేరాయి. ఒక్కోదాని మీద అంకె. ఏ అంకె ఏమిటో చెప్పే కాగితం తలుపు వెనక. "ఉప్పు కావాలంటే తలుపు మూసి కాగితం చదువుకోవాలి మాస్టారూ" అని ఆమె చెబితే మేమంతా పడీపడీ నవ్వాం. తరువాత ఆయన కూతురి గదిలోకి వెళ్ళి పక్క సరిగ్గా వేయలేదని దుప్పటి తీసి కింద పడేశాడు. "నాన్నా, ఇది ఇల్లు. నీ బ్యారక్ కాదు" అంది ఆ పిల్ల. ఆయన ఆ దుప్పటి తానే తీసి, మడిచి, మంచం మీద పెట్టి బయటికి వచ్చాడు. ఆనాటి నుంచి ఆ గది గడప తొక్కలేదు. తరువాత ఆ పిల్లే బతిమాలి పిలిచినా, గుమ్మం బయటే నిలబడి "ఏంటో చెప్పు" అనేవాడు.

ఒక ఆఫీసు భవనం గేటు దగ్గర ఆయనకి కాపలా ఉద్యోగం దొరికింది. పాసు లేకుండా ఎవరినీ లోపలికి వదలవద్దని ఆ భవనం యజమాని చెప్పాడు. పందొమ్మిదో రోజున ఆ యజమానే పాసు మరిచిపోయి వచ్చాడు. మిలటరాయన ఆయన్ని వానలో పావుగంట నిలబెట్టాడు. మరునాడు ఉద్యోగం లేదు. "రూలు పెట్టింది ఆయనే కదా" అన్నాడట ఇంటికొచ్చి. ప్రెస్సులో మేం మళ్ళీ నవ్వాం. వదిన కూడా నవ్వింది. కానీ కాసేపటికి చూస్తే, కుట్టిన ఫారాన్నే మళ్ళీ కుడుతోంది.

ఆ తరువాత సంగతికి ఎవరం నవ్వలేదు. ఏదో కాగితం కోసం ఆయన ఒక ఆఫీసులో క్యూలో నిలబడితే, ఎవరో దుకాణదారు మధ్యలో దూరాడు. ఆయన అతని కాలరు పట్టుకుని గోడకి ఆనించాడు. వదినకి ప్రెస్సుకి ఫోను వచ్చింది. చేతులకి జిగురుతోనే పోలీసు స్టేషనుకి పరిగెత్తింది. వెంట నేనూ వెళ్ళాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, గోడ మీద ఒకే చోట చూస్తూ నిటారుగా నిలబడి ఉన్నాడు. వదిన ఆ దుకాణదారుకి చేతులు జోడించి, ఇంకెప్పుడూ ఇలా జరగదని నాలుగుసార్లు చెప్పింది. అతను మంచివాడే. "పోనీలెండమ్మా" అని వెళ్ళిపోయాడు.

బయటికి వచ్చాక ఆయన ఆమెను అడిగాడు. "నువ్వెందుకు క్షమాపణ చెప్పావు? తప్పు చేసింది వాడు."

"ఇక్కడ తప్పు ఎవరిదని చూడరండీ. ముందు మనం ఇంటికి వెళ్తామా లేదా, అదే చూసుకోవాలి."

"మరి తప్పు ఎవరు చూస్తారు?"

  ముగ్గురం బస్టాపు దాకా నడిచాం. ఆయన నడక వేగాన్ని మేమిద్దరం అందుకోలేకపోయాం. ప్రతి మలుపు దగ్గరా ఆగి, మేం వచ్చేదాకా నిలబడి, మళ్ళీ కదిలేవాడు.

అప్పుడే ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. ప్రెస్సులో కటింగు మిషను కింద పడే కాగితం చీలికల మీద, పొద్దున్నే ఆ రోజు పనులు రాసి ఆయన చేతికివ్వడం మొదలుపెట్టింది. పెరట్లో కుళాయి కారుతోంది. కరెంటు బిల్లు కట్టాలి. అటక దులపాలి. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ప్రతి పని పక్కనా ఎన్ని గంటలకి మొదలైంది, ఎన్నింటికి పూర్తయింది రాసి, ఆ చీలిక ఆమెకి తిరిగి ఇచ్చేవాడు. ఆయన మొహంలో కాస్త కళ వచ్చింది. భోజనం దగ్గర రెండు మాటలు మాట్లాడుతున్నాడు. "ఇంత చిన్న కిటుకు ఇన్నాళ్ళూ తెలియలేదు చూడండి" అని ఆమె మురిసిపోయింది.

అయితే ఒక ఇంట్లో ఎన్ని పనులుంటాయి? రెండు నెలలకి కుళాయిలు కారడం మానేశాయి. అటకలు అద్దాల్లా ఉన్నాయి. ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, "మాస్టారూ, మీ ఇంట్లో పాడైనవి ఏమన్నా ఉంటే చెప్పండి" అని అడగడం మొదలుపెట్టింది. మా ఇంటి కుర్చీలు రెండు, ప్రెస్సు యజమాని గొడుగు, ఎదురింటి వాళ్ళ గోడ గడియారం, అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళాయి. అవీ అయిపోయాయి. ఒక పొద్దున్న ఇంకేమీ తోచక, పుస్తకాల అలమర విప్పి మళ్ళీ బిగించమని రాసి వచ్చింది.

ఆ సాయంత్రం ఆయన చీలిక ఇచ్చినప్పుడు టైము వేసి లేదు.

"ఈ అలమర పోయిన నెల బాగుచేశాను. దీనికేం కాలేదు" అన్నాడు.

"లేదండీ, కాస్త కదులుతుంటేనూ..."

"కదలడం లేదు." తరువాత చాలా మెల్లగా, "నాకు పని లేదన్నది నీకు కూడా తెలుసన్నమాట" అన్నాడు.

ఇది నాకు చెబుతున్నప్పుడు ఆమె చేతులు మడత ఆపేశాయి. అన్నేళ్ళలో మాట్లాడుతూ ఆమె మడత ఆపడం నేను చూడడం అదే మొదలు. "తిట్టినా బాగుండేది మాస్టారూ. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టయింది నాకు" అంది.

ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చోవడం అప్పటి నుంచే. అయిదింటికి లేవడం మానలేదు. గడ్డం గీయడం మానలేదు. అన్నీ అయ్యాక వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాడు. టీ ఇస్తే తాగుతాడు. పిలిస్తే వస్తాడు. "ఏమైనా మాట్లాడండి" అంటే, "ఏం మాట్లాడాలి?" అని అడుగుతాడు. ఆమెకి కక్కలేక మింగలేక ఉండేది. పనిలో ఉంటే ఇంటి మీద ధ్యాస. ఇంట్లో ఉంటే ఎప్పుడు తెల్లవారి పనిలోకి వెళ్దామా అని.

సర్వీసు నుంచి వచ్చినవాళ్ళకి ఉద్యోగాలు చూపించే ఒక ఆఫీసు ఉందని మా ప్రెస్సు యజమాని చెబితే, ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళింది. అక్కడి అమ్మాయి ఓపికగా దరఖాస్తు నింపింది. వయసు, చదువు, సర్వీసు. చివర్లో, "మీకు ఏ పని చెయ్యడం ఇష్టమండీ?" అని అడిగింది.

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నుదురు ముడతలు పడేంతగా. "ఇరవై ఏళ్ళు ఎవరూ ఇది అడగలేదమ్మా. ఇప్పుడు అడిగితే తెలియడం లేదు" అన్నాడు.

ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. దరఖాస్తు తీసుకున్నారు. ఆ తరువాత అక్కడి నుంచి కబురేమీ రాలేదు.

వానాకాలం అయ్యాక, ఆయనతో ఒకే దళంలో పనిచేసిన స్నేహితుడు పది రోజులు తన దగ్గరికి వచ్చి ఉండమని ఫోను చేశాడు. వదినే బట్టలు సర్ది పంపించింది. నాలుగో రోజు మధ్యాహ్నం, డబ్బాలు తెరిచి భోజనానికి కూర్చున్నప్పుడు, ఆమె తల ఎత్తకుండా అంది. "నిన్న పాపా నేనూ పాటలు పెట్టుకుని, కాళ్ళు బార్లా చాపుకుని, పొద్దెక్కేదాకా పక్కలు కూడా తీయలేదు. ఎంత హాయిగా ఉందో. ఇది తప్పు కదా మాస్టారూ?"

తప్పులు దిద్దడమే నా బతుకు. అయినా ఆ పూట గ్లాసెత్తి నీళ్ళు తాగాను.

పది రోజులకని వెళ్ళిన మనిషి ఆరో రోజుకే వచ్చేశాడు. ఎందుకు వచ్చేశారంటే, "వాడికీ పని లేదు. ఇద్దరం ఇంటి ముందు కూచున్నాం. ఎంతసేపని కూచుంటాం?" అన్నాడు. రెండు రోజుల తరువాత ఆ స్నేహితుడి భార్య వదినకి ఫోను చేసింది. అంతకు ముందు వాళ్ళిద్దరికీ పరిచయమే లేదు. "అక్కా, మీ ఆయన మా ఆయన కంటే నయంగా ఉన్నారు. మీరేం చేస్తున్నారో నాకూ చెప్పండక్కా, నేనూ చేస్తాను" అని అడిగింది.

వదిన ఏం చెప్పిందని నేను అడిగాను.

"ఏం చెప్పను? ఏమీ చెయ్యట్లేదమ్మా, సాయంత్రం వెళ్ళి పక్కన కూచుంటున్నాను అన్నాను. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ముక్కూ మొహం తెలియని మనుషులం, ఫోనులో అలా ఏడుస్తూ ఉండిపోయాం."

ఆ తరువాత సంవత్సరం ఆయనకి ఉద్యోగం దొరికింది. వదిన చేసిన ప్రయత్నాల వల్ల కాదు, మా ఎవరి వల్లా కాదు. గోదాముల వీధిలో నడుస్తుంటే, లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర గుమాస్తా బండి నంబరు తప్పు రాయడం కిటికీలోంచి చూశాడట. ఆగి చెప్పాడు. ఇంకో బండి దాకా నిలబడ్డాడు. మరునాడు మళ్ళీ వెళ్ళాడు. నెల తిరిగేసరికి ఆ కిటికీ వెనక కుర్చీ ఆయనదైంది. లారీ వచ్చి ఇనప పలక మీద నిలబడాలి, ఇంజను ఆపాలి, డ్రైవరు దిగాలి, అంకె రాయాలి. ఏ బండీ వరస తప్పడానికి వీల్లేదు.

వదిన సంతోషించింది. పీడ వదిలిందనుకుంది. కానీ ఇంట్లో ఆయన మాట పెరగలేదు. "ఇవాళ ఎలా గడిచింది?" అంటే, "నలభై మూడు బండ్లు" అనేవాడు. మరునాడు "ముప్పై ఎనిమిది." కూతురు చదువు ఎలా సాగుతోందో అడగడు. వదిన జ్వరంతో పడుకుంటే మందులు టైముకి తెచ్చి పెట్టి, పక్క గదిలోకి వెళ్ళి కూర్చునేవాడు. "మనిషి మంచివాడు మాస్టారూ. ఇంట్లో ఉన్నాడు. కానీ ఎక్కడున్నాడో తెలియదు" అనేది.

పోయిన ఏడాది ఆ వేబ్రిడ్జికి రసీదు పుస్తకాలు మా ప్రెస్సులోనే అచ్చయ్యాయి. బైండింగు వదినదే. ఇవ్వడానికి ఆటోలో ఇద్దరం వెళ్ళాం. మధ్యాహ్నం రెండు గంటలవుతోంది. వరసగా నిలబడ్డ లారీల పక్కనుంచి నడుస్తూ వెళ్తే, ముందు లారీ దగ్గర ఆయన కనబడ్డాడు. ఆయన ఒక లావుపాటి డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. రెండో చెయ్యి తిప్పుతూ, ఎవరినో అనుకరిస్తూ చెబుతున్నాడు. డ్రైవరు నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. ఆయనా నవ్వాడు. నోరంతా తెరిచి, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. వదిన మొహం చూస్తే, ఆమె కూడా చూసి ఎన్నేళ్ళయిందో అనిపించింది.

నేను పిలవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. లారీ చక్రం వెనక్కి నన్ను లాగి, అక్కడి నుంచే కాసేపు చూసింది.

"పిలవకండి. నన్ను చూస్తే ఆపేస్తారు" అంది.

పుస్తకాల కట్ట నా చేతిలో పెట్టి, తాను ఆటో దగ్గర ఉంటానని వెనక్కి నడిచింది. నేను ఒక్కణ్ణే వెళ్ళి ఆయనకి ఇచ్చాను. ఆయన నవ్వు మాని, నిలబడి, కట్ట విప్పి పుస్తకాలు లెక్కపెట్టి, సంతకం చేశాడు. కుట్టు మీద వేలు పెట్టి ఒకసారి లాగి చూశాడు.

"గట్టిగా ఉంది" అన్నాడు. ఎవరు కుట్టారో అడగలేదు. నేనూ చెప్పలేదు.