వలకు రెండు కొసలు

నా చిన్నప్పుడు భావనపాడు ఒడ్డుకు తెప్ప చేరిందంటే, మొదటి చేప ఎవరి తట్టలో పడుతుందా అని అందరూ చూసేవారు. అది బోణీ. బోణీ పట్టే ఆడమనిషి పిల్లల తల్లి అయివుండాలి, లేకపోతే మర్నాడు వల ఖాళీగా వస్తుందని మావాళ్ళ నమ్మకం. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ, దాన్ని కాపాడేవాళ్ళకు మాత్రం ఒడ్డున కొదవ లేదు.

మా పక్కింటి అక్కకు పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. చేపలు అమ్మడంలో ఆమెను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. అయినా తెప్ప వచ్చే వేళకు తట్ట పట్టుకుని అందరికంటే వెనకాల నిలబడేది. అందరూ ఏరుకోగా మిగిలినవి తీసుకుని ఊళ్ళమ్మట తిరిగేది. నాకు ఆమె అంటే ప్రాణం. జడ వేసేటప్పుడు మా అమ్మలా జుట్టు పీకేది కాదు.

మా తాతయ్యకు సొంత తెప్ప ఉండేది. మనసు వెన్న, నోరు మాత్రం చెడ్డది. ఒక పొద్దున ఆయన నిగనిగలాడే కానాగంత చేపను ఎత్తి, అందరూ చూస్తుండగా అక్క తట్టలో వేశాడు. "సూసీవోల్లు సూడండి" అన్నాడు. నాకు గర్వంతో ఒళ్ళు పొంగిపోయింది. అక్క మాత్రం తల ఎత్తలేదు.

మర్నాడు తాతయ్య వల ఖాళీగా వచ్చింది. ఆ మర్నాడూ అంతే. సముద్రంలో అలాంటి రోజులు మామూలే, కానీ ఆసారి జనానికి కారణం దొరికింది. అక్క ఒడ్డుకు రావడం మానేసింది. ఇదే అదనుగా ఆమె అత్తగారు కొడుక్కి మరో సంబంధం వెతకడం మొదలుపెట్టింది. ఆ కొడుకు, మా బావ, నోట్లో నాలుక లేని మనిషి. ఔననడు, కాదనడు. ఇంటి వెనక్కి వెళ్ళి ఒక్కడే కూర్చునేవాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఆగిపోయాయని మా ఇంట్లో గుసగుసలాడుకునేవారు. అక్కను పుట్టింటికి పంపేస్తారేమోనని నాకు అన్నం సహించేది కాదు.

ఒక మధ్యాహ్నం తాతయ్య నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. అత్తగారు ఇంట్లో లేదు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండగా నేను వినడం అదే మొదటిసారి.

"నిన్ను అడక్కుండా సేసీసేనమ్మా. ఇప్పుడు ఏటి సెయ్యమంటావో సెప్పు."

"ఏటీ సెయ్యొద్దు తాతా. ఏడిస్తే అపశకునమంతారు, నవ్వితే సిగ్గు నేదంతారు. వొచ్చినోల్లంతా మొక్కులు సెప్పి ఎలిపోతారు. నా కాడ కూకునీవోల్లు నేరు."

తాతయ్య అక్కడే నేల మీద కూర్చున్నాడు. దేవుడున్నాడని అనలేదు, ఏ గుడికీ వెళ్ళమనలేదు. అక్క ఏడ్చింది, చాలాసేపు ఏడ్చింది. ఊరుకోమని కూడా ఆయన అనలేదు. నాకు భయమేసి ఆయన చొక్కా పట్టుకుని లాగాను. ఆయన కదల్లేదు.

తరవాత నన్ను పంపి మా ఇంటి నుంచి చిరిగిన వల తెప్పించాడు. ఇంటి వెనక ఉన్న బావను కేకేసి పిలిచి, వల ఒక కొస అతని చేతిలో పెట్టాడు. రెండో కొస, దారం చుట్టిన వెదురు పుల్ల అక్క చేతికిచ్చాడు. ఒకరు బిగించి పట్టుకుంటే తప్ప రెండోవాళ్ళు ముడి వేయలేరు. కాసేపు వల వదులుగానే వేలాడింది. ఆఖరికి అక్కే "కొంచెం లాగు" అంది. బావ లాగాడు. "అంత కాదు" అంది. అలా మొదలయ్యాయి వాళ్ళ మధ్య మాటలు.

కొంత వల బాగుచేయడం అయ్యాక బావ తలవంచుకుని, మా తాతయ్యతో అన్నాడు. "ఆస్పత్రికి దాన్నొక్కదాన్నే తీసికెల్లినారు తాతా. నన్నెవులూ రమ్మన్నేదు. నేనూ ఎల్తానన్నేదు. లోపం నాదేమోనని బయ్యిం."

"ఆ మాట నాకు కాదురా. దానికి సెప్పు" అని తాతయ్య నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాడు. అరుగు మీద కూర్చుంటే లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ఈసారి ఇద్దరిదీ.

ఆ సాయంత్రం బావ తన తల్లితో, ఇంకో పెళ్ళి మాట ఎత్తితే ఇల్లు వదిలి పోతానని చెప్పాడు. అతను గొంతెత్తడం మా వీధి వినడం అదే మొదటిసారి.

అక్కకు పిల్లలు పుట్టలేదు. ఎక్కడైనా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ముసలితనంలో కూడా, చేస్తున్న పని ఆపేసేది. అప్పుడు బావ వచ్చి పక్కన కూర్చునేవాడు. ఒడ్డున బోణీ నియమమూ పోలేదు. ఆమె మళ్ళీ తట్ట పట్టుకుని వచ్చాక, తాతయ్య చేప ఎత్తే ముందు "ఎయ్యమంటావా?" అని ఆమెనే అడిగేవాడు. ఆమె తల ఊపిన రోజునే వేసేవాడు.

నర్సుగా రిటైరయ్యాక, ఇప్పుడు శ్రీకాకుళంలో పిల్లల కోసం వైద్యం చేయించుకునే జంటలతో మాట్లాడే పనిలో ఉన్నాను. ఎక్కువగా ఆడపిల్లలే వస్తారు, ఒంటరిగా. మొన్న ఒకమ్మాయి వచ్చింది. రెండోసారి కూడా వైద్యం ఫలించలేదు, మూడోసారికి సిద్ధమవుతోంది. చుట్టాలంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో ఎవరివో సీమంతం ఫోటోలు వస్తే, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసింది. మీ ఆయన ఎక్కడమ్మా అంటే, కింద బండి దగ్గర ఉన్నాడంది. పిలిపించాను. అతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"ఈసారైనా నిలుస్తుందా మేడమ్?" అని ఆ అమ్మాయి అడిగింది.

తెలియదమ్మా అన్నాను. ఆమె ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. ఒక కుర్చీ ఆమె పక్కకు జరిపి, ఆ అబ్బాయి వైపు చూసి, "ఇలా వొచ్చి కూకో నాయనా" అన్నాను. పట్నంలో ఇన్నేళ్ళున్నా, ఆ ఒక్క మాట మాత్రం నా నోట మా తాతయ్య యాసలోనే వస్తుంది.