ఉమ్మడి అంటే పెద్దమ్మకు పడదు

మా పెద్దమ్మకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు నవ్వితే నీళ్లు ఎక్కువ కలిపాడంటుంది, నవ్వకపోతే దొరికిపోతానని భయపడుతున్నాడంటుంది. ఆవిడ పనిచేసే బడి గేటు దాటి ఈగ వచ్చినా, ఎవరి తాలూకని అడగకుండా వదలదు.

ఆ బడికి ఆవిడే ఆయా. గంట కొట్టడం, గదులు ఊడ్వడం, ఏడ్చేవాళ్ల ముక్కులు తుడవడం ఆవిడ పని. మనవరాలు కూడా అక్కడే రెండో తరగతి చదువుతోంది. పిల్లలు తగ్గిపోయారని రాష్ట్ర ప్రభుత్వం ఆ బడిని మూసేసి, హైవే అవతలి బడిలో కలపబోయింది. లారీలు ఎవరి కోసమూ ఆగని రోడ్డు అది. మనవరాలు దాన్ని దాటాలన్న తలపుకే పెద్దమ్మకు తిండి సహించలేదు.

లాయర్ని కదా, ధైర్యం చెప్పాను. “చదువు ఉమ్మడి జాబితాలో ఉంది పెద్దమ్మా. దానిమీద కేంద్రమూ చట్టం చేయొచ్చు, రాష్ట్రమూ చేయొచ్చు. చిన్నపిల్లలకు దగ్గర్లోనే బడి ఉండాలని కేంద్రం చట్టం. రెండిటికీ పొసగకపోతే కేంద్రానిదే చెల్లుతుందని రాజ్యాంగంలో ఉంది. కోర్టులో కేసు వేద్దాం, ఈ కాగితం మీద సంతకం పెట్టు.”

“ఉమ్మడా!” అంది చీపురు కింద పడేసి. “ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? మా మరుదులతో ఉమ్మడి బావి సంగతి నీకు తెలీదూ? తోడుకోడానికి అందరూ, పూడిక తీయించడానికి నేనొక్కదాన్నీ. సంతకం పెట్టను పోవే.”

నాకు ఒళ్లు మండింది. రాజ్యాంగాన్ని పట్టుకుని బావితో పోలుస్తుందా!

“అయితే రేపటినుంచి పిల్లని రోడ్డు నువ్వే దాటించు” అన్నాను. ఆవిడ నా చేతిలోంచి కాగితం లాక్కుని, వెనకవైపు ఇంకేమైనా రాసుందేమోనని తిప్పి చూసి మరీ సంతకం పెట్టింది.

కేసు గెలిచాం. బడి మూయకూడదంది కోర్టు. రాష్ట్రం మూయలేదు. ఉన్న ఒక్క టీచర్నీ బదిలీ చేసింది. కేంద్రానికి రాస్తే, టీచర్లను వేయడం రాష్ట్రం పని అన్నారు. రాష్ట్రాన్ని అడిగితే, జీతాల డబ్బులో కేంద్రం తన వాటా పంపలేదన్నారు. మళ్లీ కోర్టుకెక్కాను. వాయిదా పడింది.

ఆ మాట చెప్పడానికి బడికి వెళ్లాను. ‘నేను ముందే చెప్పానా’ అంటుందనుకున్నాను. అనలేదు. తిట్టినా బాగుండేది. తరగతి గది తలుపు తీసింది. ఊడ్చిన నేలమీద పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే అందరూ ఒక్కసారిగా లేచారు.

“గుడ్ మార్నింగ్ టీచర్!”

“కూర్చోండమ్మా” అంది పెద్దమ్మ మెల్లగా. “ఆవిడ టీచరు కాదు. లాయరు.”