రజియా మేడమ్ అడిగిన ఒక్క ప్రశ్న

మొన్న ఆటోలో ఏలూరు కాలువ వంతెన దాటుతుంటే ఎండిన బురద వాసన గుప్పుమంది. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తారు. బెజవాడలో పుట్టినవాడికి ఆ వాసన కొత్త కాదు. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే ఒళ్ళు మండుతుంది, రజియా మేడమ్ గుర్తొస్తారు.

తొంభైల చివర్లో నేను ఎమ్మెస్సీ జువాలజీ చదివేటప్పుడు ఆవిడ మా లెక్చరర్. వాళ్ళ నాన్నగారికి గవర్నర్‌పేటలో గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. ఆ ఓపిక కూతురికీ వచ్చింది. కాలువ నీళ్ళు సీసాలో పట్టి తెస్తే, "తేదీ ఒక్కటే రాస్తే ఎలా? అప్పుడక్కడ ఏం జరుగుతోందో కూడా నోట్సులో రాయి" అనేవారు. చాదస్తం అనుకుంటూనే రాసేవాణ్ణి.

ఏడాది పాటు నెలనెలా నీళ్ళు పట్టి, అందులో కరిగిన ఆక్సిజన్ ఎంతో కొలిచాను. మే నెలలో అది ఒక్కసారిగా పడిపోయింది. ఊరి మురుగే కారణమని తేల్చేశాను. ఇంతలో ఒక శాస్త్ర సంఘం మా ఊళ్ళో సభ పెట్టి, విద్యార్థులకు పరిశోధన పత్రాల పోటీ ప్రకటించింది. మా నాన్న ఆటోనగర్‌లో లేతు పనివాడు. పీహెచ్‌డీ సీటుకు నా తరఫున ఒక మాట చెప్పే పెద్దవాళ్ళెవరూ లేరు. చేతిలో ఏదో ఒక బహుమతైనా ఉండాలని నా ఆరాటం.

పోటీకి మూడు రోజుల ముందు మేడమ్ నా నోట్సు తిరగేస్తూ ఆగారు.

"ఇదేంటి రవీ, పిల్లలు కాలువలో క్రికెట్ ఆడుతున్నారని రాశావు?"

"ఆడుతున్నారండీ."

"మరి నువ్వు నీళ్ళెక్కడ పట్టావు?"

కాలువ కట్టేశాక అడుగున మిగిలిన గుంటలో పట్టాను. నిలవ నీటిలో ఆక్సిజన్ పడిపోక ఏం చేస్తుంది? నా ఏడాది శ్రమ ఆ గుంటలోనే మునిగింది. "హైదరాబాద్ నుంచొచ్చే జడ్జీలకి ఇదంతా ఏం తెలుస్తుంది మేడమ్" అని గొణిగాను. "తెలీదు కాబట్టే నువ్వు చెప్పాలి" అన్నారు. కాలువ కట్టేసిన తేదీల కాగితం ఇరిగేషన్ ఆఫీసు నుంచి తెప్పించారు కూడా.

పోటీలో మే నెల లెక్క పనికిరాదని నా నోటితోనే చెప్పాను. ఒక జడ్జి, "మరి ఇంక మిగిలిందేంటి బాబూ?" అన్నారు. హాలంతా నవ్వారు. నా తర్వాత సభ నిర్వాహకుడి శిష్యుడు లేచి, అదే కాలువలో అదే మే నెలలో పట్టిన నీళ్ళంటూ ఆక్సిజన్ నిలువునా పడిపోయే గ్రాఫు చూపించాడు. జడ్జీలు మెచ్చుకోలుగా తలలూపారు.

మేడమ్ లేచి నిలబడ్డారు. "ఆ నెల కాలువ కట్టేశారు కదండీ. ఈ నీళ్ళెక్కడివి?"

అధ్యక్షుడు వాచీ చూసుకున్నారు. "ఆధారం ఏదైనా ఉందా మేడమ్?"

"ఉందండీ. మావాడి ఫైల్లో ఉంది."

అందరూ నా వైపు తిరిగారు. ఫైలు నా ఒళ్ళోనే ఉంది. బహుమతులు ఇంకా ప్రకటించలేదు. నిర్వాహకుడు నా మొహంలోకే చూస్తున్నాడు.

"తేవడం మర్చిపోయాను మేడమ్" అన్నాను.

పొద్దున ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టింది ఆవిడే. అయినా నన్ను పట్టివ్వలేదు, కూర్చున్నారు. భోజనాలకు లేటవుతోందన్నారు అధ్యక్షుడు. ఆ గుంట నీళ్ళకు మొదటి బహుమతి వచ్చింది. నాకు ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. నేను వేదికెక్కి తీసుకుంటుంటే మేడమ్ చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు సిటీ బస్సులో ఒక్క మాటే అన్నారు. "సర్టిఫికెట్ మడత పెట్టకు, పాడవుతుంది."

చెంప పగలగొట్టినా ఇంత మంట ఉండేది కాదు. ఆ సంఘం వాళ్ళు ఆవిడను మళ్ళీ పిలవలేదు. ఆధారం లేకుండా గొడవ చేసే మనిషని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టించింది నేనే. నాకు సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఆవిడ రిటైరయ్యారు, పోయారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ తప్పయిందని చెప్పడానికి ఎన్నోసార్లు వాళ్ళ వీధి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ పెద్దమనుషుల మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. నా మీద కోపం దానికి రెట్టింపు.

ఇప్పుడు ఏ సభలోనైనా ఎవరైనా ఒంటరిగా లేచి ప్రశ్న అడిగితే, నేనూ లేస్తాను. జవాబు వచ్చేదాకా కూర్చోను. నోటి దురుసు మనిషినని తోటివాళ్ళు చాటుగా అనుకుంటారు. అనుకోనివ్వండి. ఎన్నిసార్లు లేచి ఏం లాభం, ఆవిడ పక్కన లేవాల్సిన రోజున లేవలేదు.