పై గదిలో మిగిలిన సూట్‌కేసు

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అది చేతికొచ్చిన నెలలోనే అమీర్‌పేట ఇల్లు అమ్మడానికీ, బల్కంపేటలో ఫ్లాట్ కొనడానికీ మాట అయిపోయింది. ఇంకేం కావాలి! కానీ పై గది ఖాళీ చేస్తేనే రిజిస్ట్రేషన్ అన్నాడు మా ఇల్లు కొనే ఆయన.

ఆ గది నిండా పెట్టెలు, బకెట్లు. కోచింగ్ కోసం మా దగ్గర అద్దెకున్న పిల్లలు, ఉద్యోగాలొచ్చి వెళ్తూ, మళ్లీ వచ్చి తీసుకుంటామని వదిలినవి. అమ్మ ఒక్కటీ పారేయనివ్వలేదు.

"వాళ్ల సామాను మనమెట్ల పారేస్తం? వాళ్లనే చెప్పమను."

సరేనని అందరికీ ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"అయ్యో ఆంటీ, ఇంకా ఉంచారా? పడేయండి!" అని ఒక్కొక్కరూ నవ్వారు.

"బకెట్ మంచిగనే ఉంది బిడ్డా, ఎవరికన్న ఇయ్యనా?" అని అడగనిదే అమ్మ ఎవరినీ వదల్లేదు.

చివరికి ఒక ఎర్ర సూట్‌కేసు మిగిలింది. అది వదిలి వెళ్లిన అమ్మాయి నంబరు పనిచేయడం లేదు.

"ఇది మనతోనే వస్తది," అంది అమ్మ.

"ఏడ పెడ్తవ్?"

"కొత్త ఫ్లాట్ల నీకు రూమొచ్చింది గద. డిగ్రీ చదివినవ్, జర పైలంగ చూస్కో."

గది ఖాళీ అయింది, రిజిస్ట్రేషనూ అయింది. ఇప్పుడు నాకు మొదటిసారి సొంత గది, మంచం కింద ఆ సూట్‌కేసు. పాత ఇంటి గేటు పక్కన మా కొత్త అడ్రసు రాయించింది అమ్మ. ఆ అమ్మాయి ఎప్పుడైనా రావచ్చు.