ముసురు రోజున ఆడిన ఆట

మా ఆవిడ తమ్ముడు నిడదవోలు నుంచి ఒక పాత గేమ్ పెట్టె పట్టుకొచ్చి మా టీవీకి తగిలించేనాటికి నా వయసు నలభైకి దగ్గరపడుతోంది. భీమవరం పక్కన చెరువుల గట్టునే మా ఇల్లు. అతనూ నేనూ కలిసి రొయ్యలు పెంచేవాళ్ళం. ఆదివారం వచ్చి చెరువులు చూసి, భోజనం చేసి వెళ్ళిపోయే మనిషి ఆ రోజు పొద్దుగూకేదాకా కదల్లేదు.

ఆటలో ఇనుప కవచం తొడుక్కున్న సైనికులు ఎక్కడో నక్షత్రాల అవతల గ్రహాంతరవాసులతో యుద్ధం చేస్తుంటారు. ఇద్దరు ఆడితే తెర రెండు ముక్కలవుతుంది. పై ముక్క అతనిది, కింది ముక్క నాది. నేను తుపాకీ ఎటు తిప్పినా ఆకాశమే కనిపించేది.

“బావా, శత్రువులు కిందున్నారండీ. మీరు కాకుల్ని కొడుతున్నారేంటి?”

“ముందు నడవడం నేర్పవయ్యా. వెటకారం తర్వాత చేద్దువుగాని.”

నేర్చుకున్నాను. ఆ వరసలో వచ్చిన ఆటలన్నీ ఇద్దరం కలిసి పూర్తిచేశాం. అసలు కథ నుంచి పిలకల్లా పుట్టిన ఆటలు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. ఒకదానిలో తుపాకీ మన చేతిలో ఉండదు. యుద్ధభూమినంతా పైనుంచి చూస్తూ దళాలను పురమాయించాలి. అదంటే మా బావమరిదికి ప్రాణం. చెరువుల దగ్గర కూడా అతని పద్ధతి అదే. నాకు నచ్చింది వేరొకటి. అందులో కవచాల వీరులెవరూ కనిపించరు. వైర్లెస్ మోసే మామూలు సైనికుడొకడు కూలిపోయిన నగరంలో వానలో తడుస్తూ తన వాళ్ళ కోసం వెతుక్కుంటాడు. యుద్ధం కంటే నడకే ఎక్కువ. దాన్ని ఒక్కణ్ణే ఆడుకునేవాణ్ణి.

ముసురు పట్టిన ఆ రోజు కూడా అదే ఆడుతున్నాను.

ఎండ లేని రోజు చెరువు నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. రొయ్యకు ఊపిరాడాలంటే ఏరేటర్ల రెక్కలు నీటిని చిలుకుతూనే ఉండాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి. చెరువు చేసేవాళ్ళ ఇంట్లో పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. ఆ రోజు చూసుకోవలసింది నేను. మా ఆవిడ వాళ్ళమ్మను తీసుకుని పిఠాపురం వెళ్ళింది. నా చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. తెర మీదా వానే, కిటికీ బయటా వానే. కరెంటు పోయింది. టీవీ ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి ఆరిపోలేదు. ఫ్యాను కూడా తిరుగుతూనే ఉంది. ఏరేటర్లు ఆగిపోయాయి.

మంచినీళ్ళకని లేచి హెడ్‌ఫోన్లు తీస్తే చెరువు వైపు నుంచి చప్పుడే లేదు. పరుగెత్తాను. రొయ్యలు గట్టు అంచులకు కొట్టుకొచ్చి తేలుతున్నాయి. జనరేటర్ తాళం తిప్పితే మొదటిసారికే అందుకుంది. అప్పటికి చెరువు పోయింది.

బావమరిదికి ఫోన్ చేసి, “జనరేటర్ స్టార్టవ్వలేదయ్యా” అన్నాను.

ఆటలో పడి మరిచిపోవడం అజాగ్రత్త. ఆ మాట మాత్రం ఫోన్ మోగుతున్నంతసేపూ ఆలోచించి చెప్పాను. అతను నమ్మాడు. ఆ ముందు వారమే జనరేటర్ బాగుచేసిన మెకానిక్‌ని సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబెట్టి నానా మాటలూ అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. గ్లాసులోకి చూస్తూ టీ తాగాను.

ఆ తర్వాత కళ్ళు లాగుతున్నాయని చెప్పి ఆ ఆటలు మానేశాను. అతనొక్కడే ఏం ఆడతాడు, అతనూ మానేశాడు. ఏళ్ళు గడిచాయి.

ఈ వేసవిలో బావమరిది కొత్తగా రెండు చెరువులు కౌలుకు తీసుకున్నాడు. ఆ సంబరంలో కొత్త ఆట కూడా తెచ్చాడు. ఆ వరసలోదే, ఈసారి గ్రహాంతరవాసుల వైపు నుంచి ఆడాలట.

“పెద్ద చెరువు మీరే చూడాలి బావా. మీకంటే నమ్మకమైనవాళ్ళు నాకెవరున్నారు?” అన్నాడు కంట్రోలర్ నా చేతిలో పెడుతూ.

అది పట్టుకుని ఆడలేకపోయాను. చెరువు తీసుకుంటే ఆ అబద్ధం మీదే తీసుకోవాలి. నిజం చెబితే చెరువుతోపాటు ఈ మనిషి కూడా దూరమవుతాడు. కంట్రోలర్ పక్కన పెట్టి చివరికి చెప్పేశాను. వాన, హెడ్‌ఫోన్లు, మొదటిసారికే అందుకున్న జనరేటర్, అంతా చెప్పాను.

అతను ఆట ఆపాడు. నా వైపు చూడలేదు.

“ఆ మెకానిక్‌ని నేను ఎన్ని మాటలన్నానో గుర్తుందాండీ?”

“గుర్తుంది.”

“పక్కనే ఉన్నారు కదా?”

“ఉన్నాను.”

లేచి చెప్పులేసుకున్నాడు. “పదండి.”

వంటింట్లోంచి మా ఆవిడ బయటికొచ్చింది. “ఎక్కడికండీ, అన్నం పెడుతున్నాను.”

“మీ ఆయన చేత ఒక పని చేయించి తీసుకొస్తానక్కా.”

మెకానిక్ తన షెడ్డు ముందు మోటారు విప్పుకుంటున్నాడు. మా బండి ఎందుకు ఆగిందో తెలియక రెంచీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. విషయం చెప్పాను. అతను రెంచీ కింద పెట్టాడు. తర్వాత, “నన్ను తిట్టింది నలుగురిలో కదండీ. ఇక్కడ మన ముగ్గురమే ఉన్నాం” అన్నాడు.

ముగ్గురం టీ కొట్టుకు వెళ్ళాం. అక్కడ ఉన్నవాళ్ళందరి ముందూ మళ్ళీ చెప్పాను. ఎవరో, “ఈ వయసులో వీడియో గేమేంటండీ గురువుగారూ!” అన్నారు. నవ్వులు. మెకానిక్ నవ్వలేదు గానీ, టీ కొట్టతనితో “మాకు మూడు” అన్నాడు. బావమరిది తన గ్లాసు ముట్టకుండానే, ఆ రోజన్న మాటలకు అతనికి క్షమాపణ చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద నేను వెనక కూర్చున్నాను. సగం దారిలో అతను బండి వేగం తగ్గించాడు.

“పెద్ద చెరువు మీకివ్వను బావా.”

“సరేనయ్యా.”

“చిన్నది చూడండి. ఈ పంట పట్టాక మాట్లాడదాం.”

నేను అంత కూడా అడిగి ఉండేవాణ్ణి కాదు. వెనక కూర్చోవడం మంచిదైంది, నా మొహం అతనికి కనపడలేదు.

చెరువులో సీడ్, అంటే రొయ్యపిల్లల్ని, వదిలాక మొదటిసారి మబ్బు పట్టినప్పుడు ఫోన్ వచ్చింది. “ఎక్కడున్నారు?” “గట్టు మీద” అన్నాను. “నిజంగానా?” అన్నాడు. ఫోన్ ఏరేటర్ల వైపు పట్టుకున్నాను. కాసేపు విని పెట్టేశాడు. రెండో మబ్బు రోజునా అంతే. నాకు కష్టం అనిపించలేదు. అడగడం అతని హక్కు. ఆదివారాలు వస్తూనే ఉన్నాడు. గ్రహాంతరవాసుల వైపు నుంచి కూడా నేను ఆకాశాన్నే కొడుతున్నానని అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నవ్వుతున్నారు.

నిన్న తెల్లారినప్పటి నుంచీ ముసురే. మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ వేశాను. రొయ్య నీటి అడుగునే నిమ్మళంగా ఉంది. ఫోన్ జేబులోనే ఉంచుకుని గట్టు మీద తిరిగాను. సాయంత్రం దాకా అది మోగలేదు.