కామరాజు ఇంగ్లీషు

కొబ్బరితోటల్లో గ్యాసు గొట్టం వెంట రోజూ నడిచి కాపలా కాసే కామరాజుకి గ్యాసు కంటే ఇంగ్లీషంటేనే ఎక్కువ భయం. ఏ కబురైనా ఇంజనీరు గారికి ఫోన్లో ఇంగ్లీషులోనే రాసి పంపాలి. "స్మెల్ కమింగ్ అంటే ఎలాగయ్యా? రొయ్యల కంపా, మల్లెల వాసనా?" అని ఆయన ఒకసారి అందరి ముందూ నవ్వారు. అప్పట్నించీ కామరాజు కూతురి పుస్తకంలోని ఉపమానాలు బట్టీ పడుతున్నాడు. ఫుల్‌స్టాపు పెట్టే ముందు కూడా బొటనవేలు చొక్కాకి తుడుచుకుంటాడు.

ఆ పొద్దున్న తాటిపాక ఊరు దాటాక, ఒక పెరడు వెనక నేలలోంచి బుసబుసమని చప్పుడు. కామరాజు ఫోను తీసి, కుళ్లిన గుడ్డులా కంపు అని ఇంగ్లీషులో రాశాడు. చెరిపేసి, తాచుపాములా బుస అని రాశాడు. కామా చాలా, ఆశ్చర్యార్థకం పెట్టాలా? ఎక్కువైతే మళ్లీ నవ్వుతారేమో.

"ఏమండీ కామరాజు గారూ, పొద్దున్నే ఎవరికండీ ప్రేమలేఖ?" పెరట్లోంచి అప్పాయమ్మ నవ్వింది. కొబ్బరిడొక్కల పొయ్యి ముందు కూర్చుని అగ్గిపుల్ల తీస్తోంది.

ఫోను చేతిలోంచి జారిపోయింది. "గీయకండి! గ్యాసండీ బాబూ! పిల్లల్ని తీసుకుని పరిగెత్తండి!"

అగ్గిపెట్టె వదిలేసి ఆమె పరిగెత్తింది. వీధి వీధంతా కాలవగట్టు ఎక్కేసింది. అందరూ ఎక్కాక కూడా కామరాజు అచ్చ తెలుగులో అరుస్తూనే ఉన్నాడు.